గుంజలను పెరికినవాడు

మూల వాక్యము: యెషయా 57:14
తోడు వాక్యములు: మార్కు 2:1–12, గలతీ 6:2, ఎఫెసీ 2:14





యెషయా గ్రంథము 57వ అధ్యాయములో దేవుడు ఒక పని అప్పగిస్తున్నాడు. త్రోవను చదును చేయమంటున్నాడు. తన ప్రజలు నడిచే దారిలో ఏది అడ్డుగా ఉన్నదో దానిని ఎత్తి అవతల పారవేయమంటున్నాడు. ఈ ఆజ్ఞ ఎవరికి? వెనుక నడిచి వస్తున్నవారికి కాదు. వారికంటే ముందుగా ఆ చోటికి చేరినవారికి. ముందు చేరినవాడు విశ్రాంతి తీసుకోవచ్చు గదా అని మనము అనుకుంటాము. దేవుడు మాత్రము, ముందు చేరావు గనుక ఈ పని నీదే అంటున్నాడు.

ఈ వాక్యమును ధ్యానించుటకు ఒక ఐరిష్ సైనికుని జీవితమును మీ ముందుంచుతున్నాను. అతడు ప్రసంగికుడు కాడు, మిషనరీ కాడు. అయినను అతడు తన చేతులతో చేసిన పని ఈ వాక్యమునకు ఒక పటము వంటిది. పైగా అతని జీవితము మన తెలుగువారి వలస చరిత్రను రెండు మూడు చోట్ల తాకుతూ వెళ్లింది.

అతడు ఎవరు?

అతని పేరు విలియమ్ కాస్‌గ్రోవ్. 1888 అక్టోబరు 1న ఐర్లాండు దక్షిణ తీరమున కార్క్ జిల్లాలో, ఆఘాడా అనే ఊరికి దగ్గరలో పుట్టాడు. బీదకుటుంబము. చిన్నతనములో మాంసపు దుకాణములో పని నేర్చుకున్నాడు. 1909లో రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్ అనే ఐరిష్ పటాలములో సిపాయిగా చేరాడు. ఆరడుగులు బాగా దాటిన ఎత్తు, దానికి తగిన బలము. అయితే మాట తక్కువ, సిగ్గరి.

ఈ పటాలమునకు మన దేశముతో పాత సంబంధము ఉంది. ఈస్టిండియా కంపెనీవారి బెంగాలు దళములనుండే ఇది పుట్టింది. 1758 డిసెంబరులో పిఠాపురము దగ్గర చందుర్తి వద్ద జరిగిన యుద్ధములోను, 1759లో మచిలీపట్నము కోట పట్టుకొనుటలోను ఆ దళము పాల్గొన్నది. అందుచేత ఆ రెండు తెలుగు స్థలముల పేర్లు ఈ పటాలమునకు దక్కిన యుద్ధ గౌరవములలో చేరాయి. మన ఊళ్ల పేర్లు మోస్తూ తిరిగిన ఆ మనుషులలో ఎంతమందికి ఆ ఊళ్లు ఎక్కడున్నాయో తెలుసునో దేవునికే ఎరుక.

1914లో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చినప్పుడు ఈ పటాలము మొదటి బెటాలియన్ రంగూనులో ఉంది. దానికి జోడుగా పోరాడవలసిన రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్ మొదటి బెటాలియన్ మద్రాసులో ఉంది. రంగూను, మద్రాసు! ఆ దినములలో కాకినాడ, విశాఖపట్నము రేవులనుండి ఓడ ఎక్కిన తెలుగు కూలీలు దిగిన ఊరు రంగూను. 1813లో అడొనిరామ్ జడ్సన్ దొరగారు బాప్తిస్టు సువార్త పనిని ప్రారంభించిన ఊరు కూడ అదే. మన పితరులలో కొందరు బ్రదుకుతెరువు కోసం నడిచిన వీధులలోనుండే ఈ ఐరిష్ సిపాయిలు యుద్ధమునకు బయలుదేరారు.

ఆ రెండు దినములు

1915 ఏప్రిల్ 25, ఆదివారము. టర్కీ దేశములోని గలిపోలి ద్వీపకల్పపు కొనమీద, సెద్దుల్ బహిర్ అనే గ్రామము ముందున్న చిన్న సముద్రపు ఒడ్డున సైన్యమును దించారు. రివర్ క్లైడ్ అనే పాత బొగ్గు ఓడలో సుమారు 2,000 మందిని ఎక్కించి, ఆ ఓడను ఒడ్డుకు తోలి నిలిపారు. మన్‌స్టర్ పటాలమువారు అందులోనే ఉన్నారు. డబ్లిన్ పటాలమువారిలో ఎక్కువమంది పడవలలో వచ్చారు. ఒడ్డుమీద కోట, ఎత్తున గ్రామము, ఇసుక దాటగానే ముళ్లతీగల కంచెలు. పైనుండి తుపాకులు పేలాయి. ఓడ ప్రక్కనుండి దిగినవారు దిగినట్లే కూలిపోయారు. పడవలలో కూర్చున్నవారు కూర్చున్నట్లే చనిపోయారు. బ్రదికినవారు తీరమున చిన్న ఇసుకగట్టు చాటున రాత్రివరకు ముఖము నేలకు ఆనించి పడియున్నారు. ఆ యుద్ధములో ఈ రెండు పటాలములకు కలిగిన నష్టము ఎంతటిదంటే, కొద్ది దినములకే మిగిలినవారిని కలిపి ఒకే దళముగా చేయవలసి వచ్చింది.

మరునాడు, ఏప్రిల్ 26న, ఆ మిగిలినవారే లేచి గ్రామముమీదికి వెళ్లవలసియుండెను. ముందున్నది ముళ్లకంచె. కాస్‌గ్రోవ్ అప్పటికి కార్పొరల్. అతని వెంట ఒక చిన్న గుంపు. వారి పని ఆ తీగలను కత్తిరించి దారి చేయుట. కాని చేతిలోని కత్తెరలకు ఆ తీగలు తెగలేదు. ఒక స్త్రీ చేతి చిన్న కత్తెరతో రాతి గోపురమును కత్తిరించబోయినట్లు ఉండెనని అతడు తరువాతి కాలములో చెప్పుకొన్నాడు. ముందునుండి, ప్రక్కలనుండి గుండ్లు వస్తున్నాయి. తోడివారు పడిపోతున్నారు.

అప్పుడు అతడు కత్తెరను వదలివేశాడు. తీగలను కాదు, తీగలను నిలబెట్టిన గుంజలను చూశాడు. ఒక గుంజను రెండు చేతులతో కౌగిలించి, ఊపి, నేలలోనుండి పెరికివేశాడు. దాని తరువాత ఇంకొకటి. మరియొకటి. గుంజలు పోగానే కంచె నేలకు వాలిపోయింది. వెనుకనున్నవారు ఆ సందులోనుండి దాటి వెళ్లారు. ఆ దినమే గ్రామము, దాని మీది గుట్ట వారి వశమయ్యాయి. దాడిని నడిపించిన కర్నల్ డౌటీ-వైలీ గెలుపు చేతికి వచ్చిన గడియలోనే గుట్టమీద చనిపోయాడు. కాస్‌గ్రోవ్‌కు గుండు దెబ్బ తగిలింది. అతనిని మాల్టా ఆసుపత్రికి పంపారు.

1915 ఆగస్టులో అతనికి విక్టోరియా క్రాస్ ప్రకటించారు. బ్రిటిషు సైన్యములో శౌర్యమునకు అంతకు మించిన పతకము లేదు. 1916 నవంబరులో రాజు జార్జి చేతులమీదుగా దానిని అందుకున్నాడు.

ప్రియులారా, ఇక్కడ ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. మనము యుద్ధమును పొగడుటలేదు. ఆ కంచె అవతలనున్నవారును తల్లుల బిడ్డలే. తమ దేశమును కాపాడుకొనుటకు నిలిచినవారే. రాజ్యములు రాజ్యములమీద లేచిన ఆ రోజులలో బీదవారి పిల్లలు రెండు ప్రక్కలా నేలకూలారు. మనము చూడవలసినది ఆ మనిషి చేతిలోని తుపాకిని కాదు, తుపాకిని విడిచి గుంజలను పట్టుకున్న ఆ చేతులను.

మొదటి పాఠము: తీగను గాక గుంజను చూడవలెను

కంచెలో కనబడేది తీగ. దానిని నిలబెట్టేది గుంజ. తీగను కత్తిరించబోతే ఒకటి తెగేలోగా పది మిగులుతాయి. గుంజను పెరికితే తీగ అంతా పడిపోతుంది.

మన బెంగళూరు నగరమునకు ఈ విషయములో ఒక చరిత్ర ఉంది. ముళ్లకంచెలను తొలగించుటకు 1912లో ఒక సాధనమును కనిపెట్టినది ఇక్కడే. మద్రాసు సాపర్స్ దళమునకు చెందిన కెప్టెన్ మెక్‌లింటాక్ మందుగుండు నింపిన గొట్టమును కంచె క్రిందికి తోసి పేల్చే పద్ధతిని రూపొందించాడు. లోకమంతటా సైన్యములు దానిని నేటికిని బెంగళూరు టార్పెడో అనే పిలుస్తాయి. హలసూరు చెరువు దగ్గర కేంద్రమున్న ఆ సాపర్స్ దళమువాడే సుబేదార్ సుబ్రమణియన్. 1944 ఫిబ్రవరి 24న ఇటలీలో, నేలలో పాతిన మందుపాతరలను తొలగించే పనిలో ఉండగా, ఒక పాతర పేలబోతున్నదని తెలిసి దానిమీద తానే పడి, తనవారిని బ్రదికించి, తాను మరణించాడు. ఆయనకు మరణానంతరము జార్జి క్రాస్ ఇచ్చారు. దారి తీయుట అనే పని చేతికి మట్టి అంటకుండ జరిగేది కాదు. ఒక్కొక్కప్పుడు ప్రాణమే అడుగుతుంది.

మార్కు సువార్త రెండవ అధ్యాయములో పక్షవాయువుగల మనుష్యుని మోసుకొని వచ్చిన నలుగురిని జ్ఞాపకము చేసుకొనండి. వాకిటిలో అడ్డుగా నిలిచినవారు ఎవరు? శత్రువులు కారు. వాక్యము వినుటకు ముందుగా వచ్చినవారు! వారిలో ఎవరికీ చెడ్డ ఉద్దేశము లేదు. ముందు వచ్చారు, చోటు దొరికింది, నిలుచున్నారు. అంతే. అయినను వారి వీపులే ఒక రోగికి కంచె అయ్యాయి. ఆ నలుగురు ఇంటికప్పు విప్పవలసి వచ్చింది.

రెండవ పాఠము: మనకు దారి తీసినవారు ఉన్నారు

నేడు మనము కాడుగోడిలో, హూడిలో, చెన్నసంద్రములో, హోప్‌ఫారం చుట్టుప్రక్కల సొంత ఇళ్లలో ఉన్నాము. ఎవరు దారి తీశారు? ఊరిలో కరువు వచ్చి, మూట నెత్తిన పెట్టుకొని ఈ స్టేషనులో దిగినవారు. స్టేషను పేరు వైట్‌ఫీల్డ్, నేల మాత్రము కాడుగోడిది. అప్పటికి మెట్రో లేదు. 2023 మార్చిలో గదా అది మన కాడుగోడి వరకు వచ్చింది. ఫ్యాక్టరీలలో, కంటైనర్ డిపోలో, తరువాత ఐటీ పార్కు కట్టేటప్పుడు ఇటుకలు మోస్తూ, కాపలా కాస్తూ, అద్దెయింటి ముందుగదిలో చాప పరచి నలుగురు కూడుకొని ప్రార్థన చేసినవారు. ఆ చాపమీదనే మన సంఘములలో అనేకము పుట్టాయి.

ఇంకా వెనుకకు వెళ్లండి. ఒంగోలు సీమలో 1866లో బాప్తిస్మము పొందిన యెర్రగుంట్ల పేరయ్యగారు ఊరూరు తిరిగి తనవారికి సువార్త చెప్పారు. 1876–78 కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో కొంతభాగము తీసుకొని ఆకలిగొన్నవారికి పని ఇచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ ఏటిలో దిగినవారిలో ఎక్కువమంది, గుడి వాకిటను బావి గట్టును తాకనియ్యని కంచెల అవతల పుట్టినవారు. వారికోసము ఎవరో గుంజలు పెరికారు. మనము ఆ సందులోనుండి వచ్చినవారము.

కాస్‌గ్రోవ్ కథలో కడపటి భాగము ఇక్కడ వినవలెను. యుద్ధము ముగిసింది. 1922లో ఐర్లాండు దక్షిణ భాగము వేరు రాజ్యమైనప్పుడు అతని పాత పటాలమును రద్దు చేశారు. అతడు సైన్యములోనే ఉండి, 1928 మొదలు 1934 వరకు మరల రంగూనులో, స్థానిక దళములకు శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నాడు. తరువాత అతని బలము క్షీణించసాగింది. కండలు కరిగిపోయాయి. గలిపోలిలో తగిలిన ఇనుప తునకలు అతని శరీరములో ఎవరికీ కనబడకుండ ఉండిపోయాయని అప్పుడు తెలిసింది. 1936 జూలై 14న లండనులోని సైనిక ఆసుపత్రిలో, 47 సంవత్సరముల వయసులో కన్నుమూశాడు. ఆఘాడాలో సొంత మట్టిలో సమాధి చేశారు.

ఇరువది ఒక్క సంవత్సరములు! పతకము రొమ్ముమీద అందరికీ కనబడింది. ఇనుము లోపల ఎవరికీ కనబడలేదు.

మన సంఘములలో దారి తీసిన పెద్దలను చూడండి. వెనుక బల్లమీద మౌనముగా కూర్చున్న ఆ తాతగారి మోకాళ్లలో ఎన్ని మెట్ల ఇటుకలున్నాయో మనకు తెలుసునా? మనకు చదువు చెప్పించుటకు ఇతరుల ఇళ్లలో పాత్రలు తోమిన ఆ తల్లి మనసులో ఎన్ని అవమానములు ఇంకా గుచ్చుకొనియున్నవో అడిగామా? వార్షికోత్సవమున శాలువ కప్పుట మంచిదే. కాని శాలువ పైన ఉంటుంది, ఇనుము లోపల ఉంటుంది. గలతీ పత్రిక ఆరవ అధ్యాయములో పౌలు ఒకని భారము ఒకడు మోయవలెనని చెప్పినప్పుడు, అడుగకుండ కనబడని భారమును గూడ చెప్పాడు. ఆసుపత్రికి తోడు వెళ్లండి. వారి ప్రక్కన కూర్చుని పాత మాటలు చెప్పించుకొనండి. వారు అడుగరు. దారి తీసినవారికి అడుగుట అలవాటు లేదు.

మూడవ పాఠము: దాటినవాడు కంచె కాకూడదు

కాస్‌గ్రోవ్ రంగూనులో ఉన్న ఆ సంవత్సరములలోనే, 1930 మే నెలలో, ఆ ఊరిలో తెలుగువారి రక్తము చిందింది. రేవులో పనిచేసే తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వారి స్థానములో బర్మావారిని పనికి పెట్టారు. సమ్మె ముగిసి తెలుగువారు తిరిగి రాగానే బర్మావారిని పొమ్మన్నారు. ఇరువురును ఆకలిగొన్నవారే. ఇరువురికి మధ్య కంచె వేసినవారు వేరే ఉన్నారు. కాని కొట్టుకొని చచ్చినది ఈ ఇరువురే. తెలుగువారు ఎందరో హతులయ్యారు. ఆ గాయమును మోసిన కుటుంబములు మన జిల్లాలలో చాలకాలము ఉన్నాయి.

ఒక ఊరికి ముందు వచ్చినవారికి, వెనుక వచ్చినవారికి మధ్య ఏమి జరుగగలదో ఆ సంగతి మనకు నేర్పుతున్నది. ఇప్పుడు మన కాడుగోడిని చూడండి. కొత్త అపార్టుమెంటు లేస్తున్న ప్రతి చోట రేకుల షెడ్లు ఉన్నాయి. కర్నూలు, ఆదోని, అనంతపురము, పాలమూరు, ప్రకాశము జిల్లాలనుండి వచ్చినవారు ఆ రేకుల క్రింద ఉన్నారు. వారిలో మన విశ్వాసమువారు కూడ ఉన్నారు. ఆదివారము ఉదయము తల దువ్వుకొని, ఉన్నదానిలో మంచి బట్ట కట్టుకొని, బైబిలు పట్టుకొని మన గేటు దగ్గరికి వస్తారు. అక్కడ వారికి ఏమి ఎదురవుతున్నది?

మొదటి గుంజ, కాగితము. పాత సంఘమునుండి బదిలీ పత్రము తెచ్చావా అని అడుగుతాము. క్రమము మంచిదే, మన బాప్తిస్టు సంఘములకు క్రమము అవసరమే. కాని ఊరిలో కాపరి లేక, పత్రము వ్రాయించుకొనే దారి లేక వచ్చినవానికి మనమే ఉత్తరము వ్రాసి, ఫోను చేసి తెప్పించవచ్చును గదా? పత్రము వచ్చేవరకు అతడు నెలల తరబడి ప్రభువు బల్లకు దూరముగా కూర్చొని, ఒకనాడు రాకుండ పోతే, మనము కాపాడినది క్రమమునా, కంచెనా?

రెండవ గుంజ, ఇంటిపేరు. “ఏ ఊరు బాబూ? ఇంటిపేరేమిటి? మీది ఊరిలో ఏ ప్రక్క?” ఈ మూడు ప్రశ్నలు పలకరింపులా వినబడతాయి. అడిగేవానికి తెలుసు, చెప్పేవానికి తెలుసు, అవి ఎందుకు అడుగుతున్నారో. గుండ్లకమ్మలో మునిగిన తరువాత కూడ మునగకుండ మిగిలిన ప్రశ్న అది. పెండ్లి సంబంధముల దగ్గర, పెద్దల ఎన్నికల దగ్గర అది మరల తల ఎత్తుతున్నది. దీనిని తీగగా చూచి ఒక్కొక్కటి కత్తిరించబోకండి. ఇది గుంజ. ఒకడు ధైర్యము చేసి దీనిని రెండు చేతులతో పట్టుకొనవలెను. అతనిమీద మాటల తూటాలు ముందునుండి, ప్రక్కలనుండి వస్తాయి. ఎక్కువగా ప్రక్కలనుండి, అనగా తనవారినుండే వస్తాయి.

మూడవ గుంజ, సమయము. షెడ్లలో ఉన్నవారికి అనేక ఆదివారములు పని ఉంటుంది. మన ఆరాధన ముగిసి బిర్యానీ ప్యాకెట్లతో ఇంటికి వెళ్లే వేళకు వారు ఇంకా సిమెంటు కలుపుతూ ఉంటారు. సాయంకాలము ఏడు గంటలకు వారి షెడ్డు దగ్గరికే వెళ్లి ఒక గంట కూడుకొనుటకు మనలో నలుగురు సిద్ధముగా ఉన్నారా? మోయుటకు నలుగురే చాలునని మార్కు చెప్పాడు. ఆదివారపు బడి చెప్పే మన యౌవనస్థులు వారి పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పవచ్చును. అలా నేర్పుతూ తామును నేర్చుకోవచ్చును.

సిలువ అనే గుంజ

కాస్‌గ్రోవ్ బలవంతుడు. నాకు అంత బలము లేదు అని ఎవరైనను అనవచ్చును. నిజమే, మన బలముతో ఈ గుంజలు కదలవు. అందుకే ఎఫెసీ పత్రిక మనకు వేరొకనిని చూపిస్తున్నది. మనుష్యులకును మనుష్యులకును మధ్యనున్న అడ్డుగోడను క్రీస్తు తన శరీరమందే పడగొట్టాడు. ఇతరులు గుంజలను పెరికితే, ఆయన ఒక గుంజకు తన్ను తాను అప్పగించుకొన్నాడు. ఆయన ముళ్లతీగను తెంపలేదు, ముళ్లను కిరీటముగా తలమీద ధరించాడు. ఆయన గాయము దాగియుండలేదు. తోమాకు చేతులు చూపించాడు. ఆ చేతులు చూచినవాడు తోడివానికి కంచెగా నిలువలేడు.

కావున ఈ నెలలో ప్రతి సంఘము రెండు పనులు చేయునుగాక. మొదటిది, మన దారి తీసిన పెద్దలలో ఒకరి ఇంటికి వెళ్లి, వారి లోపలి భారమును విని, మోయదగినది మోయుట. రెండవది, మన గేటు దగ్గర నిలిచియున్న గుంజ ఏదో సంఘ సమావేశములో పేరు పెట్టి చెప్పి, దానిని పెరుకుటకు తేదీ నిర్ణయించుట. తేదీ లేని తీర్మానము ఏనాడు గుంజను కదిలించలేదు.

ప్రార్థించుదము: పరలోకమందున్న మా తండ్రీ, మాకు ముందు దారి తీసినవారినిబట్టి నీకు స్తోత్రము. వారి గాయములను మేము చూడగల కన్నులు దయచేయుము. మా వెనుక వచ్చుచున్నవారికి మేము అడ్డు కాకుండ మమ్మును కాపాడుము. మా చేతులకు బలమిమ్ము. నీ కుమారుని గాయపడిన చేతులనుబట్టి వేడుకొనుచున్నాము, తండ్రీ. ఆమేన్.